వాన వెలిసిన మర్నాడు బీచ్ నిండా చెత్త. రాత్రికి రాత్రి ఎక్కడి నుంచి వస్తోంది?

ప్రశ్న: ఎంవీపీ_అమ్మ

అందరికీ నమస్కారం. మేం విశాఖలో ఎంవీపీ కాలనీలో ఉంటాం. పొద్దున్నే మా అబ్బాయిని వెంటబెట్టుకుని లాసన్స్ బే వైపు నడకకి వెళ్లడం అలవాటు. వాడు ఆరో తరగతి. నాకు నడక, వాడికి గవ్వలు.

మొన్న అల్పపీడనం పట్టి ముసురు వదల్లేదు కదా. వాన మొదలయ్యే ముందు సాయంత్రం పారిశుద్ధ్య కార్మికులు ఒడ్డంతా ఏరి బస్తాలకెత్తి తీసుకెళ్లడం నేను కళ్లారా చూశాను. ఒక పెద్దావిడ నడుం వంచి ఇసుకలో కూరుకుపోయిన షాంపూ సాచెట్లని ఒక్కొక్కటే పీకుతుంటే మావాడు కూడా వెళ్లి కాసేపు సాయం చేశాడు. చీకటి పడే వేళకి ఒడ్డు చూస్తే ముచ్చటేసింది. ఆ రాత్రి కుండపోత. పొద్దున తెరిపిచ్చాక గొడుగేసుకుని వెళ్లాం.

చూసి నోట మాట రాలేదు. గుట్కా ప్యాకెట్లు, టీ కప్పులు, థర్మకోల్ ముక్కలు, ఒంటి చెప్పులు, కొబ్బరి బోండాలు, ఎవరింట్లోదో పెరుగు డబ్బా, పూలదండల తాళ్లు, కుళ్లిన గుర్రపుడెక్క, మధ్యలో ఒక సిరంజి. మావాడు దాని మీద కాలెయ్యబోతుంటే చెయ్యి పట్టి లాగాను. వాడు అడిగిన మొదటి మాట: "అమ్మా, నిన్న ఆ మామ్మగారు ఏరినవే మళ్లీ వచ్చాయా?" నాకు జవాబు తెలియలేదు.

నాకు తోచని సంగతులు ఇవి. రాత్రంతా వాన, బీచ్‌కి పురుగు కూడా వచ్చి ఉండదు. మరి ఇంత చెత్త వేసిందెవరు? ఒడ్డంతా సమానంగా కూడా లేదు. గెడ్డ (ఊరి వాగు) సముద్రంలో కలిసే దగ్గర గుట్టగా ఉంది, అక్కణ్ణించి కైలాసగిరి వైపు పోను పోను పల్చబడింది. పైన ఇసుకలో మాత్రం పొడుగ్గా, వంకరగా ఒక గీత గీసినట్టు పేరుకుంది. ఇంకోటి, వాన చుక్క పడని రోజుల్లో కూడా ఒక్కోసారి ఇలాగే వస్తుంది. మరీ ఈసారి ఇసుక మీద నల్లటి చారలు కూడా ఉన్నాయి. అది ఓడల నుంచి కారిన ఆయిలా?

మా పక్కింటాయన "మనం వేసింది సముద్రం మనకే తిరిగిచ్చేస్తుంది" అంటారు. ఆ మాట నిజమే కావచ్చు గానీ, ఎలా తిరిగిస్తుందో మావాడికి చెప్పాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: జాలారిపేట_కుర్రాడు

అమ్మా, మాది పెదజాలారిపేట. మా తాత, నాన్న వేట మీదే బతికారు. నాన్న ఇప్పటికీ వెళ్తున్నాడు. నేను ఒక సర్వే బోటు మీద పని చేస్తున్నాను, సెలవు దొరికితే నాన్నతో సంద్రం మీదకి పోతాను. మీరు చూసిన గుట్ట, గీత, పల్చబడ్డం, ఈ మూడింటిలోనే మీ జవాబు ఉంది.

ముందు గెడ్డ గురించి. మన ఊళ్లో కొండల మీద పడ్డ వాన సంద్రంలోకి పోయేది గెడ్డల మీదుగానే. ఒకప్పుడు వాన నీళ్లకే అవి. ఇప్పుడు ఇళ్ల మురుగు, సంతల చెత్త, కొండవాలు మీద ఇళ్లవాళ్లు బండి రాక వేసేసిన కవర్లు, అన్నీ అందులోకే. ఎండాకాలంలో గెడ్డలో నీళ్లు సన్నబడిపోతాయి. అప్పుడు అలలు ఊరుకోవు, రోజూ ఇంత ఇసుక తెచ్చి గెడ్డ మొగలో, అంటే గెడ్డ సంద్రంలో కలిసే చోట, పోస్తాయి. నెలా రెండు నెలలకి అక్కడ అడ్డంగా ఒక ఇసుక కట్ట లేస్తుంది. దాని వెనకాల మురుగు నిలబడిపోతుంది. పైకి పచ్చగా తెట్టు, కింద నల్లటి బురద, మధ్య మధ్య బుడగలు. ఊళ్లో నుంచి వచ్చే ప్రతి కవరూ ఆ కట్ట దాకా వచ్చి ఆగిపోతుంది. రోడ్డు మీద నుంచి చూసేవాళ్లకి బీచ్ శుభ్రంగానే కనిపిస్తుంది. చెత్తంతా కట్టకి వంద అడుగుల వెనకాల వాన కోసం కూర్చుని ఉంటుంది.

గట్టి వాన పడితే ఏమవుతుందో నేను దగ్గర్నుంచి చూశాను. కైలాసగిరి పక్కనే ఉంది కాబట్టి కొండ నీళ్లు దిగడానికి ఎంతోసేపు పట్టదు. గెడ్డ నిండుతుంది. కట్ట మీద ఎక్కడో ఒక పల్లం చూసుకుని వేలెడంత సన్నటి పాయ సంద్రం వైపు జారుతుంది. మొదట పిల్లలు కాలితో ఆపేసేంత పాయ. కాసేపటికి అది ఇసుకని కోసుకుంటూ జానెడు, మూరెడు అవుతుంది. ఆ తర్వాత చూస్తుండగానే రెండు పక్కల ఇసుక పెళ్లలు పెళ్లలుగా విరిగి పడుతుంది, నీళ్లు హోరుమంటాయి. నెలల తరబడి వెనకాల ఆగిన నీళ్లు, బురద, కవర్లు మొత్తం ఒక్కసారే వెళ్లిపోతాయి. మా వాళ్లు దీన్ని "మొగ తెగింది" అంటారు. మొగ తెగిన రోజు సంద్రంలోకి గోధుమరంగు నాలుక ఒకటి పొడుగ్గా సాగుతుంది. కైలాసగిరి పైనుంచి చూస్తే ఎంత దూరం పోయిందో స్పష్టంగా కనిపిస్తుంది.

మీ అబ్బాయికి చెప్పండి, ఆ మామ్మగారు ఏరినవి మళ్లీ రాలేదు. ఆవిడ ఏరినదానికి ఎన్నో రెట్లు గెడ్డలో ఉంది. ఆ రాత్రి దిగింది అదే.

ఇక దిగినదంతా దూరంగా పోకుండా ఒడ్డుకే ఎందుకు వస్తుంది? వాన నీరు ఉప్పు నీటి కంటే తేలిక. అది సంద్రంలో వెంటనే కలవదు, పైపొరగా ఒడ్డు వెంబడే పాకుతుంది. తేలే చెత్తంతా ఆ పొర అంచునే ఇరుక్కుంటుంది. బోటు మీద ఉన్నప్పుడు ఆ అంచు దాటితే తెలుస్తుంది. ఇటు ఎర్ర నీళ్లు, అటు నీలం, మధ్య నురగ గీత, ఆ గీత నిండా కవర్లు, పుల్లలు, ఆకులు. అల్పపీడనం పట్టినప్పుడు గాలి తరచూ సంద్రం మీద నుంచి నేల వైపు కొడుతుంది. అలలు కూడా పెద్దవి. ఆ గీత మొత్తాన్ని తెచ్చి ఒడ్డు మీద పారేస్తాయి.

కైలాసగిరి వైపు పల్చబడింది అన్నారు కదా, అది నీటి వడి చేసిన పని. అల ఒడ్డుకి తిన్నగా రాదు, వాలుగా తగులుతుంది. దానివల్ల ఒడ్డు వెంట నీళ్లు, ఇసుక ఒక పక్కకి జరుగుతుంటాయి. మన దగ్గర వేసవి చివర నుంచి నైరుతి గాలి ఉన్నంత కాలం అది ఉత్తరానికి, అంటే భీమిలి వైపుకి. నవంబరు వచ్చి గాలి ఈశాన్యం నుంచి తిరిగాక దక్షిణానికి. అందుకే జులైలో ఈ గెడ్డ చెత్త తెన్నేటి పార్కు వైపు తేలుతుంది, శీతాకాలం తుఫానులకి ఆర్కే బీచ్ వైపు తిరుగుతుంది. బాధ్యత ఏ వార్డుదో తేల్చుకునేలోపు చెత్త ఆ వార్డు దాటిపోతుంది.

వాన వెలిశాక మా వాళ్లు పెద్దవల లాగితే ఎలా ఉంటుందో ఒకసారి వచ్చి చూడండి. వల బరువుగా వస్తుంది. చేపలు పడ్డాయని అందరి మొహాలూ వెలుగుతాయి. సంచి విప్పితే కవర్లు. కవ్వళ్లు, అదే చిన్న చేపలు, నాలుగు కనిపిస్తే వాటి చుట్టూ బురద పట్టిన కవర్లు. ఆ వల కడిగి, ఒక్కో కన్నులోంచి చుట్టుకున్న ప్లాస్టిక్ దారం తీసి మళ్లీ సంద్రానికి సిద్ధం చెయ్యడానికి ఆడామగా అందరూ కూర్చుంటే పూట గడిచిపోతుంది. ఆ పూట కూలి ఎవరూ ఇవ్వరు. ఇది నాకు చాలా కోపం తెప్పించే విషయం, అందుకే ఇంత పొడుగ్గా రాశాను.

ప్రశ్న అడిగినవారు: ఎంవీపీ_అమ్మ

తమ్ముడూ, చాలా చాలా థాంక్స్. ఈ సాయంత్రమే మావాణ్ణి తీసుకెళ్లి గెడ్డ మొగ దూరం నుంచి చూపించాను. మీరన్నట్టే రెండు పక్కలా ఇసుక నిట్టనిలువుగా తెగి ఉంది. వాడు అడిగింది ఒక్కటే: ఆ ఇసుక గోడలో కూడా కవర్లు ఎందుకున్నాయి అని. నిజమే, గోడలోంచి కవర్ల కొసలు బయటికి వేలాడుతున్నాయి. అలాగే వాన లేని రోజుల సంగతి, నల్ల చారల సంగతి కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది.

జవాబు: భూగోళం_మాస్టారు

అమ్మా, నేను హైస్కూల్లో సాంఘికం చెప్పి రిటైరయ్యాను. మీ అబ్బాయి అడిగింది మంచి ప్రశ్న, నా క్లాసులో పిల్లలు కూడా ఇంత సూటిగా అడిగినవాళ్లు తక్కువ.

ఇసుక గోడలో కవర్లకి కారణం ఏమిటంటే, ఒడ్డు ఒక చోట నిలిచి ఉండేది కాదు. ప్రశాంతంగా ఉన్న నెలల్లో చిన్న అలలు ఇసుక తెచ్చి మేట వేస్తాయి. పెద్ద అలల కాలంలో అదే ఇసుకని కోసి లోపలికి లాగేస్తాయి. మేట వేసేటప్పుడు పైనున్న చెత్త మీద కొత్త ఇసుక పడి కప్పేస్తుంది. కోత పడినప్పుడు ఎప్పుడో పూడిపోయింది బయటపడుతుంది. వానా గాలీ లేని రోజున కనిపించే చెత్తలో కొంత ఇదే. అది కొత్తగా వచ్చింది కాదు, ఇసుక కిందే ఉంది. చేత్తో పట్టుకుంటే పెళుసుగా పొడి పొడి అవుతున్న కవరైతే పాతదని అనుకోవచ్చు, అది ఎండ తిన్న ప్లాస్టిక్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్‌ని పెళుసు చేస్తాయి, అలలు ఇసుకతో రుద్ది ముక్కలు చేస్తాయి. 5 మిల్లీమీటర్ల కంటే చిన్నవైపోతే వాటిని మైక్రోప్లాస్టిక్ అంటారు. అంత చిన్నవయ్యాక ఏరడం ఎవరి తరమూ కాదు. అందుకే ఏరేది ముక్క కాకముందే ఏరాలి.

విశాఖకి ఈ కోత మరీ ఎక్కువ. 1976లో పోర్టుకి ఔటర్ హార్బర్ (బయటి రేవు) మొదలయ్యాక, దాని రాతి గోడలు దక్షిణం నుంచి ఉత్తరానికి నడిచే ఇసుకకి అడ్డుపడ్డాయి. అందుకని పోర్టువాళ్లు ఆగిన ఇసుకని డ్రెడ్జర్‌తో తోడి ఆర్కే బీచ్ దగ్గర పోయిస్తుంటారు. ఈ సంగతి సర్వే బోటు తమ్ముడికి నాకంటే బాగా తెలిసి ఉంటుంది.

మీరు చూసిన వంకర గీత పోటు గీత. మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు, అంటే సముద్రపు నీరు రెండుసార్లు ఎక్కి రెండుసార్లు దిగుతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ దగ్గరగా పోటుకీ పాటుకీ తేడా సుమారు ఒకటిన్నర మీటరు దాకా ఉంటుంది, అష్టమి ప్రాంతంలో అందులో సగం కూడా ఉండదు. పెద్ద పోటు వచ్చినప్పుడు నీరు ఎంత పైకి ఎక్కిందో అక్కడ తేలుతున్నవన్నీ వదిలి వెనక్కి పోతుంది. తర్వాతి వారం పోట్లు చిన్నవి కాబట్టి ఆ గీత అలాగే ఉండిపోతుంది. మళ్లీ పున్నమికో అమావాస్యకో నీరు అక్కడి దాకా ఎక్కి దాన్ని లేపి మరోచోట పడేస్తుంది. వాన లేకుండా చెత్త "వచ్చిన" రోజులు తిథి చూసుకోండి, చాలా వాటికి లెక్క కుదురుతుంది.

ఇంకో కారణం చాలామందికి తెలియదు. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, గాలి ఉండదు, అయినా అలలు ఎత్తుగా, నిదానంగా, ఒకదాని తర్వాత ఒకటి దొర్లుకుంటూ వస్తాయి. అవి ఇక్కడ పుట్టినవి కావు. హిందూ మహాసముద్రానికి దక్షిణపు కొసన తుఫాను గాలులు లేపిన అలలు వేల కిలోమీటర్లు ప్రయాణించి రోజుల తర్వాత మన ఒడ్డుకి చేరతాయి. వేసవి నెలల్లో ఇలాంటివి ఎక్కువ. మన హైదరాబాద్‌లోనే ఉన్న, సముద్రం సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ వీటికి ముందుగా హెచ్చరికలు ఇస్తుంది. మత్స్యకారులకి ఆ హెచ్చరిక బోట్లు పైకి లాక్కోవడానికి. నా ఉద్దేశంలో బీచ్ శుభ్రం చేసేవాళ్లకి కూడా అది అందాలి, ఎందుకంటే ఆ అలలు ఇసుకలో పైదాకా ఎక్కి అక్కడున్నవన్నీ నీళ్లలోకి ఊడ్చుకుపోతాయి.

గాలి సంగతి కూడా ఉంది. పగలు సముద్రం మీద నుంచి నేలకి, రాత్రి నేల మీద నుంచి సముద్రానికి గాలి వీస్తుంది. సాయంత్రం ముంత మసాలా, మొక్కజొన్న పొత్తులు తిన్నవాళ్లు వదిలేసిన కాగితాలు, కవర్లు రాత్రి గాలికి నీళ్లలోకి దొర్లుతాయి. చెత్తబుట్టకి మూత లేకపోతే అందులో వేసినా అంతే.

నల్ల చారల గురించి భయపడకండి. మన తీరపు ఇసుకలో ఇల్మనైట్, మాగ్నటైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాలు ఉన్నాయి. మామూలు తెల్ల ఇసుక క్వార్ట్‌జ్, దాని సాంద్రత 2.65. ఇల్మనైట్‌ది 4.7 దగ్గర. పెద్ద అలలు తేలిక ఇసుకని ఈడ్చుకుపోతాయి, బరువు ఇసుక కదలక అక్కడే నల్లగా మిగిలిపోతుంది. మీ అబ్బాయికి ఒక అయస్కాంతం ఇవ్వండి, పాడైన స్పీకర్‌లోది చాలు. దానికి పల్చటి పాలిథిన్ కవరు చుట్టి ఆ నల్ల చార మీద ఆడించమనండి. మీసాల్లా నిక్కబొడుచుకుని గింజలు అంటుకుంటాయి. కవరు తిప్పి అయస్కాంతం తీసేస్తే రాలిపోతాయి. ఆయిలైతే అంటుకోదు, వేళ్లకి జిడ్డుగా పట్టుకుంటుంది, పెట్రోలు వాసన వస్తుంది. అలాంటిది కనిపిస్తే మాత్రం ముట్టుకోనివ్వద్దు.

జవాబు: తిరువొత్తియూరు_తెలుగు

నల్ల చార నిజంగా ఆయిలైన సందర్భం మేం అనుభవించాం, అందుకని రాస్తున్నాను. మేం ఉత్తర చెన్నైలో మూడు తరాలుగా ఉంటున్నాం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను మీ బాపట్ల దగ్గర తీరం దాటింది గదా, అంతకు ముందు చెన్నైని ముంచేసింది. వరద నీళ్లతోపాటు పారిశ్రామిక ప్రాంతంలోని ఆయిల్ కూడా కాలవల్లో పడి బకింగ్‌హామ్ కాలువ మీదుగా ఎన్నూరు క్రీక్‌లోకి, అక్కణ్ణించి సముద్రంలోకి వచ్చింది.

మామూలు రోజుల్లో ఆ ఆయిల్ ఎక్కడో నేలలో, కాలవల్లో ఇంకి ఉండేదేమో, ఎవరి కంటా పడేది కాదు. వరద అన్నిటినీ కలిపేసింది. నీళ్లు తీసేశాక చూస్తే ఇళ్ల గోడల మీద నీళ్లు ఎంత ఎత్తుకి వచ్చాయో అంత ఎత్తున నల్లటి గుర్తు. పడవలకీ, వలలకీ, మడ చెట్ల వేళ్లకీ తారు. రెక్కలు నల్లబడి ఎగరలేక కూర్చున్న గూడబాతుల్ని కళ్లారా చూశాను. జాలర్లే మగ్గులతో, బకెట్లతో ఆయిల్ తోడుతుంటే చూడలేకపోయాం.

నేను చెప్పదలచుకుంది ఒకటే. తుఫాను వల్ల కాలుష్యం అని పేపర్లో రాస్తే మాకు ఒళ్లు మండుతుంది. తుఫాను దాన్ని తయారు చెయ్యలేదు, దాచిన చోటు నుంచి బయటికి తీసింది. గాలినీ వాననీ నిందితుల జాబితాలో పెడితే అసలువాళ్లు హాయిగా తప్పుకుంటారు. ఎంవీపీ అమ్మగారూ, మీ అబ్బాయికి ఈ తేడా కూడా చెప్పండి.

జవాబు: టెక్కలి_గాలి

సముద్రం ఎంత దూరం నుంచి తెస్తుందో చెప్పడానికి మా శ్రీకాకుళం జిల్లా సంగతి ఒకటి. 2022 మే నెలలో అసాని తుఫాను అప్పుడు సంతబొమ్మాళి మండలం సున్నాపల్లి రేవుకి బంగారు రంగు రథం ఒకటి కొట్టుకొచ్చింది గుర్తుందా? టీవీలన్నీ చూపించాయి. మియన్మార్, థాయ్‌లాండ్ వైపు కట్టడంలా ఉందని అన్నారు. అంత పెద్ద రథాన్ని బంగాళాఖాతం దాటించి తెచ్చిన గాలీ నీళ్లూ, ఒక నీళ్ల సీసాని ఎంత దూరమైనా తెస్తాయి. మా ఒడ్డున ఒక్కోసారి మనకి తెలియని లిపి ఉన్న సీసాలు కూడా దొరుకుతాయి.

విశాఖవాళ్లకి కూడా గుర్తుండే ఉంటుంది, 2020 అక్టోబరులో వాయుగుండం గాలికి ఎం.వి. మా అనే బంగ్లాదేశ్ ఓడ లంగరు ఆగక తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీదకి వచ్చేసింది. అందులోని ఆయిల్ కారకుండా తోడేసే దాకా అందరికీ గుబులే. ఇక 2025 మేలో కేరళ తీరంలో మునిగిన ఎం.ఎస్.సి. ఎల్సా 3 ఓడలోంచి తెల్లటి ప్లాస్టిక్ గుళికలు బయటపడ్డాయి. వానాకాలపు అలలు, ప్రవాహం కలిసి వాటిని తిరువనంతపురం దాటించి తమిళనాడు ఒడ్డు దాకా చేర్చాయి. సగ్గుబియ్యం గింజంత గుళికలు, ఇసుకలోంచి జల్లెడ పట్టి తీశారు పాపం అక్కడివాళ్లు.

కానీ మాస్టారూ, తమ్ముడూ, మన బీచ్‌లో కనిపించేదాంట్లో ఎక్కువ భాగం మాత్రం మన ఊరిదే. సాచెట్ మీద తెలుగులోనే రాసి ఉంటుంది కదా.

ప్రశ్న అడిగినవారు: ఎంవీపీ_అమ్మ

అయస్కాంతం ప్రయోగం అయ్యింది మాస్టారూ! గింజలు అంటుకున్నాయి. ఒక సీసాలో పోసి బడికి పట్టుకెళ్లాడు. తిరువొత్తియూరు వారి మాట కూడా వాడికి చదివి వినిపించాను.

ఇంక రెండే అడుగుతాను. వాన తర్వాత ఎన్నాళ్లకి పిల్లల్ని నీళ్లలోకి దింపచ్చు? మా అపార్ట్‌మెంట్ వాళ్లం కొందరం కలిసి శుభ్రం చేద్దామనుకుంటున్నాం, ఎప్పుడు ఎక్కడ చేస్తే ఉపయోగం?

జవాబు: భూగోళం_మాస్టారు

మొదటిదానికి నేను చెబుతాను. గట్టి వాన తర్వాత కనీసం మూడు రోజులు నీళ్లలోకి దిగొద్దు. కాలిఫోర్నియాలో ఆరోగ్య శాఖలు కూడా 72 గంటలే చెబుతాయి. గెడ్డ మొగకి దగ్గరలో అయితే వాన ఉన్నా లేకపోయినా దింపకండి. స్నానానికి పనికొచ్చే సముద్రపు నీటికి మన దేశంలో పెట్టిన ప్రమాణం 100 మిల్లీలీటర్లలో 100కి మించని మల సంబంధమైన కోలిఫారం బ్యాక్టీరియా. మొగ తెగినప్పుడు దిగేది మురుగే కాబట్టి అక్కడ ఆ ప్రమాణం గురించి ఆలోచించడం కూడా అనవసరం. ఎండ కాసి, నీళ్లు మళ్లీ నీలంగా తేరాక సూర్యరశ్మికీ ఉప్పుకీ చాలా క్రిములు చస్తాయి. తడి ఇసుకలో మాత్రం ఇంకొన్నాళ్లు బతుకుతాయి. గవ్వలేరాక చేతులు సబ్బుతో కడిగించండి. కాలికి పుండు ఉంటే అసలు తీసుకెళ్లద్దు.

జవాబు: జాలారిపేట_కుర్రాడు

రెండోది నేను చెప్తానమ్మా.

అందరూ వాన వెలిశాక వస్తారు, ఫొటోలు బాగా వస్తాయి కాబట్టి. రావద్దనను, అప్పుడూ అవసరమే. కానీ ఒక్కసారే రాగలిగితే మే నెల చివర్లో రండి, నైరుతి వానలు దిగకముందు. అప్పుడు గెడ్డ మొగ మూసుకుని ఉంటుంది, చెత్తంతా కట్ట వెనకాల ఒక్కచోట ఆగి ఉంటుంది. సంద్రంలోకి పోయాక కిలోమీటర్ల పొడుగునా ఏరాల్సింది అప్పుడు ఒక్క గట్టు మీద దొరుకుతుంది. మురుగులోకి మీరు దిగకండి, పిల్లల్ని అసలు దింపకండి. ఆ పని యంత్రంతో కార్పొరేషన్‌వాళ్లే చెయ్యాలి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తరఫున మే మొదటి వారంలోనే అర్జీ పెట్టండి, మా పేట సంఘం తరఫున మేమూ సంతకం పెడతాం. తీసిన పూడికని గట్టు మీదే వదిలేసి వెళ్లకుండా అదే రోజు లారీకెత్తాలని అర్జీలోనే రాయండి. ఇది నొక్కి చెప్తున్నాను. పూడిక తీసి గట్టున పోసి, ఎత్తేలోపు వాన వచ్చి మొత్తం మళ్లీ గెడ్డలోకే దిగడం మా కళ్ల ముందే జరిగింది.

రెండో అదను సెప్టెంబరు చివర. అక్టోబరు, నవంబరు మనకి తుఫానుల కాలం. హుద్‌హుద్ వచ్చింది కూడా 2014 అక్టోబరు 12నే. అప్పటికి బీచ్ రోడ్డు పక్కన కట్టడాల వ్యర్థాలు, టీ కొట్ల వెనకాల గుట్టలు, మూతల్లేని చెత్తబుట్టలు లేకుండా చూసుకోవాలి. ఆ గాలికి అవేవీ ఉన్నచోట ఉండవు.

ఒడ్డు మీద ఏరడానికైతే అమావాస్య, పౌర్ణమి వెళ్లిన మర్నాడో ఆ మర్నాడో రండి. పోటు తిరిగి నీరు దిగడం మొదలవగానే పని పట్టుకుంటే చేతిలో నాలుగైదు గంటలు ఉంటాయి. మాస్టారు చెప్పిన పై గీత దగ్గర మొదలుపెట్టండి. వచ్చే పెద్ద పోటు దాకా అది అక్కడే ఉంటుందని నీళ్ల దగ్గరివే ముందు ఏరాలనిపిస్తుంది. కానీ ఎండకి పెళుసెక్కి ముక్కలయ్యేది ఆ పై గీతలోదే. నాచు, పుల్లలు, ఆకులు తియ్యక్కర్లేదు. వాటి కింద చిన్న పురుగులూ పీతలూ బతుకుతాయి, వాటిని తిని పిట్టలు బతుకుతాయి. వల ముక్క ఇసుకలో కూరుకుని ఉంటే లాగొద్దు, తెగి సగం లోపలే ఉండిపోతుంది. చుట్టూ తవ్వి తియ్యాలి, లేదా మమ్మల్ని పిలవండి, కత్తి తెస్తాం. సిరంజిల కోసం మందంగా ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి మూతతో సహా వేరుగా తెచ్చుకోండి, బస్తాలో వెయ్యొద్దు. ఆ బస్తా ఎత్తేది మీ అబ్బాయి సాయం చేసిన మామ్మ లాంటివాళ్లే. ఎత్తిన బస్తాలు రోడ్డు అవతలి పక్క పెట్టించండి, ఇసుక మీద వద్దు.

వచ్చే అమావాస్య తర్వాత పెట్టుకుంటే నాకూ ఆ రోజు సెలవే. పొద్దున పోటు ఎన్నింటికి తిరుగుతుందో ముందు రోజు రాత్రి ఇక్కడే రాస్తాను.